మేడంగారి సాలీళ్ళ గట్టు

మా సైన్స్ మేడంగారు మొన్న మంగళవారం తాడేపల్లిగూడెంలో ప్రభువునందు నిద్రించారు. ఆమెను సమాధుల తోటలో ఉంచి వచ్చిన మర్నాడే, గుండుగొలను దిగువన కొల్లేటి వైపు పోయే కాలవ గట్టు మీద గడ్డిమందు కొట్టించారు. కొట్టించింది ఆ పక్కనున్న చేపల చెరువు లీజుదారు. నేను వెళ్ళేసరికి సగం గట్టు మీది గడ్డి వాడిపోయి తల వాల్చేసింది. ఇదేంటండీ అని అడిగితే ఆయన ఇలా అన్నారు: "మేడంగారి మొహం చూసి వదిలామండి ఇన్నాళ్ళూ. ఇప్పుడావిడ లేరు కదండీ."

ఆ మాట తప్పని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మేడంగారు ఏలూరులో మాకు హైస్కూల్లో పాఠం చెప్పారు. రిటైరయ్యాక ఒక మేక్రో లెన్సు కొనుక్కుని సాలీళ్ళ ఫొటోలు తీయడం మొదలుపెట్టారు. గోరంత ప్రాణిని అరచేయంత చేసి చూపించే లెన్సు అది. ఈ వయసులో బూజు వెంట పడ్డారేంటండీ అని చర్చిలో తోటివాళ్ళు ఆటపట్టిస్తే, మీ ఇంట్లో బూజు దులిపేటప్పుడు మాత్రం నన్ను పిలవకండి, ఏడుస్తాను అనేవారట. ఆదివారం ఆరాధన ఉంటుంది గనక శనివారం తొలి బస్సుకి గట్టు మీదికి వచ్చేవారు. భుజాన సంచీ, చేతిలో నల్ల గొడుగు. గొడుగు లోపల తెల్ల గుడ్డ కుట్టుకున్నారు. ఎండ సూటిగా పడితే సాలీడు ఒళ్ళంతా మెరుపే తప్ప రంగు కనబడదు. ఆ గొడుగు నీడలో దాని కాళ్ళ మీది నూగు కూడా కనబడేది. గొడుగు పట్టే పని నాది.

కొందరు మంచు బిందువుల కోసం సాలెగూటి మీద నీళ్ళు చిమ్మి ఫొటో తీస్తారు. మేడంగారు ఒప్పుకునేవారు కాదు. చినిగిన గూడు చినిగినట్టే రావాలి. అడ్డొచ్చిన గడ్డిపరకని తుంచకుండా వేలితో పక్కకి పట్టుకుని, ఫొటో అయ్యాక మెల్లగా వదిలేసేవారు. "వాళ్ళింటికి మనం వచ్చామయ్యా" అనేవారు.

దొరికిన కరపత్రమల్లా చదివి, కొల్లేటిని పాడుచేసేవాళ్ళ మీద నేనూ ఒకటి రాసి అచ్చేయించాను. మేడంగారికిస్తే గట్టు మీదే నిలబడి ఆసాంతం చదివారు. "బాగానే తిట్టావు. మరి కొల్లేట్లో బతికే ప్రాణి ఇందులో ఒక్కటీ లేదేంటయ్యా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో కెమెరా పట్టుకుంటే ఒక్క ఫొటో కుదరలేదు, అన్నీ మసక. ఆవిడ చూసి, "కోపం వద్దనను. చెయ్యి మాత్రం వణకనీకు" అన్నారు.

మందు డబ్బాలు వీపున తగిలించుకుని కూలీలు మొదటిసారి వచ్చిన రోజు నేను గొంతు చించుకుంటున్నాను. మేడంగారు నన్ను పక్కకి జరగమని, లీజుదారుని పిలిచి కెమెరా వెనక వంగి చూడమన్నారు. లోపల గెంతే సాలీడు ఒకటి, పెసరగింజంత, తలెత్తి ఆయన్నే చూస్తోంది. ఆయన చాలాసేపు లేవలేదు.

"ఏవండీ, దీనికి ఇన్ని కళ్ళాండీ?"

"ఎనిమిదండీ. ప్రస్తుతానికి నాలుగు మీ మీదున్నాయి."

కూలీలు కూడా నవ్వేశారు. డబ్బాలు వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. ఆ తర్వాత ఆవిడ బతికుండగా ఆ గట్టు మీద మందు పడలేదు.

అందుకే చెబుతున్నాను, లీజుదారుగారూ. ఆరోజు మీరు చూసింది మేడంగారి మొహం కాదు, ఆ సాలీడు మొహం. మిగిలిన సగం గట్టులో దాని సంతతి ఇంకా ఉంది.

ఆ సగానికి ఈ శనివారం మందు కొడతారని కూలీలే చెప్పారు. శనివారం ఆవిడ రోజు. ఉదయం ఆరింటికి, మంచు ఆరకముందే, అందరం గట్టు మొదట్లో కలుద్దాం. ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళు రండి, చర్చివాళ్ళు రండి, పిల్లల్ని తీసుకురండి. ఫొటోలకి ఫోనుంటే చాలు. గడ్డి తొక్కకండి. కేకలు ఎవరూ వెయ్యొద్దు, ఈ మాట ముందు నాకు నేనే చెప్పుకుంటున్నాను. కూలీలు వచ్చినా మనం అక్కడే ఉందాం.

మేడంగారి అమ్మాయి కెమెరా తెస్తానన్నారు. లీజుదారుగారూ, మీరూ రండి. మొదట మీరే చూద్దురుగాని. నల్ల గొడుగు నేను పడతాను. చెయ్యి వణకనివ్వను.