చర్చి పలకలకు సబ్బు

పదకొండో తరగతి అర్ధ సంవత్సర పరీక్షలో నాకు ఫిజిక్స్ పోయింది. పోతే పోయింది, మార్కుల కాగితం మా నాన్న కంటపడటమే నా కొంప ముంచింది. ఆయన బెంగాల్లో లిలువా రైల్వే వర్క్‌షాపులో బరువులు లాగే ఖలాసీ. "సైన్సు మానేసి టైపు నేర్సుకో," అన్నాడు. ఏడ్చాను, అరిచాను, అన్నం మానేశాను. సాయంత్రానికి ఆకలేసి తిన్నాను గానీ సైన్సు మాత్రం వదలదలుచుకోలేదు.

చివరికి ఆయనే ఒక మెట్టు దిగాడు.

"శనివారం మన తెలుగు చర్చికి పాటలకి వాయించే పెద్ద ఆర్గను పెట్టె వస్తంది. మెట్ల మీద పలకలేసి లాగాల. నీ సదువు దానికేటి పనికొస్తాదో సూపించు. నేకపోతే టైపే."

శనివారం పంతులమ్మలా వెళ్లాను. నాన్నా, మరో ముగ్గురు ఖలాసీలూ తాడు పట్టుకుని నిలబడ్డారు. నేల మీద సుద్దతో వాలు పలక, దాని మీద పెట్టె, పైకి లాగే బలానికి ఒక బాణం గీశాను. బరువుని రెండుగా విడగొట్టాను. ఒక ముక్క పలకని నొక్కుతుంది, రెండోది వాలు వెంట కిందికి లాగుతుంది. దీనికి తోడు రాపిడి ఒకటి అడ్డం. మా పుస్తకంలో పలకలు ఎప్పుడూ నున్నగా ఉంటాయి, రాపిడే ఉండదు. అందుకని బట్టల సబ్బు తడిపి పలకలన్నిటికీ నా చేత్తోనే రుద్దాను. "బాహ్, దిదిమొణి!" అన్నాడు ఖలాసీల్లో బెంగాలీ దాదా ఒకాయన, భలే పంతులమ్మా అని. నేను పొంగిపోయాను.

ఆర్గను సుఖంగా కదిలింది. మెట్ల వెడల్పంతా పలకలే గనక, లాగేవాళ్లూ వాటి మీదే వెనక్కి నడుస్తూ ఎక్కాలి. సగం దాకా ఎక్కారు. అక్కడ ఒకాయన కాలు జారింది. ఆయన పక్కాయన్ని పట్టుకున్నాడు, ఆ పక్కాయన మా నాన్నని. నలుగురూ చతికిలబడ్డారు. ఆర్గను వాళ్లందరినీ వెంటబెట్టుకుని కింద పరిచిన గోనెసంచుల మీదికి వచ్చి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. నాకు మాత్రం సిగ్గుతో చచ్చినంత పనైంది. ఇక టైపు మిషనే నా గతి అనుకున్నాను.

నాన్న లేచి, వెనక అంటిన సబ్బు తుడుచుకుంటూ నా బొమ్మ దగ్గరికి వచ్చాడు.

"రెండో ముక్క కిందకి లాగుతాదన్నావు. లాగింది. అబద్దం నేదు," అన్నాడు. తర్వాత బాణం మీద వేలు పెట్టాడు. "మరి లాగే మనిసి ఏడే?"

"పుస్తకంలో మనిషి ఉండడు నాన్నా. బాణమే ఉంటుంది."

"బాణానికి కాళ్లుండవు. మాకున్నాయి."

పలకలు కడిగించి, కాళ్లు జారకుండా బూడిద చల్లించి, ఆర్గనుని మెల్లగా పైకి చేర్చాడు. ఇంటికి వస్తుంటే నా వైపు చూడకుండానే అన్నాడు:

"సోమవారం బడికెల్లు. ఆ పుస్తకం రాసినోడు తాడు పట్టినోడు కాడు. నువ్వు సదివి మా కాళ్లు కూడా లెక్కలో రాయి."