కోచ్ వదిలిన పది వరుసలు

ఇది ఎప్పుడో రాయాల్సింది. యాభై ఆరేళ్లు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు, అందుకే ఇంత ఆలస్యం. చిన్నప్పుడు ఒంగోలు దగ్గర మా ఇంట్లో తమ్ముళ్లను ఎత్తుకోవడం నా పని, బడికి పోవడం వాళ్ల పని. నిన్న నా మనవరాలు హాకీ ఆడి వచ్చి, బురద సాక్సులు వాషింగ్ మెషీన్ ముందు పడేసింది. తడి మట్టి, నలిగిన గడ్డి, చెమట కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే ఇంగ్లండ్‌లోని నార్తాంప్టన్‌లో నేను పనిచేసిన కాలేజీ లాండ్రీ గది గుర్తొచ్చింది. దాని గుమ్మంలో తల వంచి నిలబడే పొడుగాటి మనిషి గుర్తొచ్చారు. ఆయన పేరు రే. అందరూ కోచ్ అనేవాళ్లు.

మా ఆయన పోయాక, నర్సుగా పనిచేస్తున్న మా అమ్మాయి సుజాత నన్ను తన దగ్గరికి తెచ్చుకుంది. ఖాళీగా కూర్చోలేక, ఆ చిన్న కాలేజీలో తువ్వాళ్లు, దుప్పట్లు ఉతికే పనిలో చేరాను. అది 1998 చలికాలం. అక్కడ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు పుట్టింది కూడా అప్పుడే. కోచ్ నిజానికి వడ్రంగం నేర్పే మాస్టారు. ఆ ఆటను టీవీలో చూడటమే తప్ప ఎప్పుడూ ఆడినవారు కాదు. పాత పరుపులు చుట్టి, తాళ్లతో కట్టి, వాటిని ఢీకొట్టడం నేర్పేవారు. హెల్మెట్లు సగం మందికే ఉండేవి. మైదానంలోంచి బయటికి వచ్చినవాడు తనది తీసి, లోపలికి వెళ్లేవాడి నెత్తిన పెట్టేవాడు.

"ఆంటీ, మా జెర్సీలు కూడా ఉతికిపెడతారా? ఏ ఇంట్లోనూ వీటిని గడప దాటనివ్వట్లేదు," అని కోచ్ వచ్చి అడిగారు. ఆయన నాకంటే పెద్దవారు. జట్టులో ఇద్దరు గుజరాతీ కుర్రాళ్లు నన్ను ఆంటీ అనేవాళ్లు, అది విని అందరికీ అదే నా పేరైపోయింది.

"మట్టి దులిపి తెస్తే ఉతుకుతాను," అన్నాను. నా ఇంగ్లీషు అప్పట్లో అరకొర. పని దగ్గర బేరమాడటానికి మాత్రం సరిపోయేది.

మొదటి ఏడాది ఆడిన ప్రతి ఆటా ఓడిపోయారు. చూడటానికి వచ్చేది ముగ్గురు నలుగురు, ఒక కుక్క. అక్షరాలు రాకపోయినా బస్సుల పుణ్యమా అని అంకెలు వచ్చు కాబట్టి, ఉతికిన జెర్సీలను కుర్రాళ్లు బట్టలు మార్చుకునే గదిలో నంబర్ల వరసలో బెంచీ మీద పరిచేదాన్ని. ఆ గదిలో గోడకు ఒక బోర్డు ఉండేది. దాని మీద కోచ్ సున్నాలు, ఇంటూ గుర్తులు, బాణాలు గీసేవారు. లోపల నంబరున్న సున్నాలు మనవాళ్లు, ఇంటూలు అవతలివాళ్లు, బాణం ఎటుంటే అటు పరిగెత్తాలి. ఎవరూ చెప్పలేదు గానీ, వారం వారం చూస్తూంటే నాకే అర్థమైంది.

రెండో ఏడాది ఒక ఆట మధ్య విరామంలో ఆ గదికి తువ్వాళ్లు పట్టుకెళ్లాను. కుర్రాళ్లు తలలు దించుకొని కూర్చున్నారు. నోరు ఊరుకోలేదు. "ఇరవై రెండు ఎడమకి కదా పోవాలి? బోర్డులో బాణం అటే ఉందిగా," అన్నాను.

ఇరవై రెండో నంబరు కుర్రాడు తలెత్తాడు. "ఆంటీ, మీరు ఎవరి వైపు?"

కోచ్ బోర్డు దగ్గరికి వెళ్లి చూసి వచ్చారు. "ఆంటీ మన వైపే. నువ్వే అవతలివాళ్ల వైపు పరిగెత్తావు. ఈ బోర్డు చదివిన మనిషి మొత్తానికి ఒక్కరే ఉన్నారు, ఆవిడ లాండ్రీలో ఉన్నారు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ 'చదివిన మనిషి' అన్న మాట ఇంటిదాకా నా వెంటే వచ్చింది. ఆ రోజు ఇరవై రెండు ఎడమకి వెళ్లాడు, జట్టుకు మొదటిసారి పాయింట్లు వచ్చాయి. ఆట మాత్రం మళ్లీ ఓడిపోయాం.

ఏటా ఏప్రిల్‌లో ఆటలు ముగిశాక టీ, కేకు పెట్టుకొని ఒక పుస్తకం తెరిచేవాళ్లు. దానికి చెక్క అట్ట కోచ్ చేసిందే. జట్టు కోసం పనిచేసిన ప్రతి మనిషీ, వ్యాను నడిపినాయన సహా, ఆ ఏడాది గురించి ఒక వరుస రాయాలి. ఒకరికి బదులు మరొకరు రాయకూడదు. మొదటి ఏడాది ఈ సంగతి నాకు ముందురోజే తెలిసింది. మర్నాడు పొద్దున వేలికి కట్టు కట్టుకొని వెళ్లి, కూర తరుగుతుంటే తెగిందన్నాను. తర్వాత ప్రతి ఏప్రిల్‌లోనూ అదే.

"ఏంటమ్మా, ఏడాదికోసారి ముహూర్తం పెట్టుకుని తెగుతుందా నీ వేలు?" అనేది సుజాత, తన మందుల పెట్టెలో తరిగిపోతున్న కట్టు చుట్టను చూసి. "రాదని చెప్తే ఏం పోద్ది?"

"నీకేం తెలుసే. ఆ పిల్లలు నన్ను చూసే చూపు మారిపోద్ది."

ఒక ఏడాది హడావుడిలో ఎడమచేతికి కట్టుకొని పోయాను. కోచ్ పుస్తకం నా ముందు పెట్టారు. కట్టున్న చెయ్యి చూశారు, టీ కప్పు పట్టుకున్న కుడిచెయ్యి చూశారు. పుస్తకం పక్కవాడికి జరిపారు.

2008లో జట్టు ఆగిపోయింది. కొత్తగా చేరేవాళ్లు లేరు, మైదానంలో కార్ పార్క్ కడతామన్నారు. పుస్తకం కాలేజీ లైబ్రరీకి వెళ్లాలి. ఆ ఏప్రిల్ టీకి కూడా వేలికి కట్టుతోనే వెళ్లాను; అది ముగిశాక, ఆ శుక్రవారం మధ్యాహ్నమే కోచ్ దాన్ని లాండ్రీకి తెచ్చి, ఒక్కో ఏడాది పేజీ తిప్పి చూపించారు. ప్రతి పేజీలోనూ ఒక వరుస ఖాళీ. దాని పక్కన పెన్సిల్‌తో బట్టలకు పెట్టే క్లిప్పు బొమ్మ.

"క్లిప్పు ఉన్నవన్నీ మీవి. పది. ఇవి లేకుండా ఇది జట్టు పుస్తకం ఎలా అవుతుంది?"

వేలి కట్టు విప్పేశాను. "తెగలేదు కోచ్. ఎప్పుడూ తెగలేదు. నాకు రాయడం రాదు."

"తెలుసు. ఎడమచేతి ఏడాది నుంచీ తెలుసు."

"మరి ఏటా ఎందుకు ముందు పెట్టారు?"

"మానేస్తే, మీకు ఇక రాదని నేను తేల్చేసినట్టు కాదా? నా బోర్డు చదివిన మనిషి మీరు. మీ భాషలోనే రాయండి. చెయ్యి మీదైతే చాలు."

"లైబ్రరీవాళ్లు అడిగితే?"

"ఇంకా ఆరలేదని చెప్తాను," అన్నారు, దండెం మీది జెర్సీల వైపు చూస్తూ.

ఆ పది వరుసలు నింపడానికి నాకు రెండేళ్లు పట్టింది. నింపి తీసుకెళ్తే ఆయన కళ్లజోడు పెట్టుకొని, పుస్తకం తలకిందులుగా పట్టుకొని, "ఇప్పుడు చదువు రానిది నాకే. వినిపించండి," అన్నారు. రెండో ఏడాది వరుసలో 'ఇరవై రెండు ఎడమకి వెళ్లాడు' అని ఉందని చెప్తే కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వారు. ఇప్పుడు ఆయన లేరు. ఎవరైనా నాకు రాదు, నా వల్ల కాదు అంటే, సరేనని వాళ్లను దాటి పోవడం నాకు ఇప్పటికీ చేతకాదు. మరుసటి ఏడు మళ్లీ అడుగుతాను.

ఆ శుక్రవారం తర్వాతి ఉదయం కట్టు చుట్టను సుజాత మందుల పెట్టెలో తిరిగి పెట్టేశాను. కమ్యూనిటీ హాల్లో శనివారాలు పిల్లలకు తెలుగు నేర్పుతారు. మనవరాలిని దింపి బయట కూర్చోవడం నాకు అలవాటు. ఆ రోజు లోపలికి వెళ్లి దాని పక్కన పొట్టి కుర్చీలో కూర్చున్నాను.

"అమ్మమ్మా, దట్స్ ఫర్ కిడ్స్," అంది అది, చెవిలో.

"జరుగు," అన్నాను.

పంతులమ్మ నన్ను చూసి నవ్వి, బోర్డు వైపు తిరిగి పెద్దగా 'అ' రాసింది. పెన్సిల్ ఎక్కడ మొదలుపెట్టాలో, ఎటు తిప్పాలో తెలియడానికి దాని చుట్టూ ఎర్ర సుద్దతో బాణాలు గీసింది. నేను పెన్సిల్ తీసుకొని బాణం ఎటుంటే అటు వెళ్లాను.