కడగని కాఫీ కూజా

లైమన్ పచేకో చదువు మధ్యలోనే వదిలేశాడు. తాను వదిలాక ఆ కాలేజీకి కళే పోయిందంటాడు. ఆ రోజుల్లో సన్నీవేల్‌లో వ్యాను తోలుతూ, కార్ల షెడ్లలో పుడుతున్న కంప్యూటర్ కంపెనీలకు అట్టపెట్టెలు చేరవేశాడు. ఇప్పుడు మాత్రం వాటన్నిటికీ పురుడు పోసింది తానేనన్నట్టు చెబుతాడు. ఆ కంపెనీల తొలినాటి కాగితాలు, సంతకాలతో ఉన్నవి, ఏరి దాచుకోవడం ఆయన పిచ్చి.

శనివారం పాత సామాన్ల సంత ముగియగానే ఇలాంటి పిచ్చివాళ్లంతా సోఫాల్ అనే ఆవిడ నడిపే డోనట్ కొట్టుకు చేరతారు. అక్కడ కిటికీ పక్కన ఒక కుర్చీ ఉంది. కాగితాన్ని వెలుతురుకు పట్టి చూడాలంటే అదే చోటు. ఎవరి కాగితం గొప్పదైతే కుర్చీ వాళ్లది. చాలాకాలంగా అందులో వెండెల్ ఒయామా పాతుకుపోయాడు.

"మడ్‌హెన్ కంప్యూటర్స్ పెట్టిన ముగ్గురి సంతకాలూ ఒకే కాగితం మీద! వచ్చే శనివారం తెస్తున్నా. కుర్చీ దులిపి ఉంచరా వెండెల్!" అన్నాడు లైమన్ ఒక శనివారం.

"తేకపోతే?"

"చచ్చేదాకా పాయిఖానా తలుపు పక్కన కూర్చుంటా."

ఇన్ని కోతలు కోసినవాడు, పోస్టులో వచ్చిన ఆ కాగితం కవరింకా విప్పనేలేదు. ఇంటికెళ్లి విప్పాడు. కాగితం అసలుదే. 'కాఫీ కూజా ఖాళీ చేసినవాళ్లే కడగాలి' అని ఒప్పందం. కింద మూడు పేర్లు, రెండు సంతకాలు. బర్నడెట్ లోవెల్ పేరు పక్కన గీత బోసిగా ఉంది.

ఆమె ఇప్పుడు మోర్గన్ హిల్ అనే ఊళ్లో తేనెటీగలు పెంచుకుంటోంది. లైమన్ ఆ కాలంనాటి పెన్నొకటి జేబులో పెట్టుకుని బయల్దేరాడు. కాగితం పుట్టిన ఏళ్ల తర్వాత చేయించిన సంతకాన్ని ఈ పిచ్చివాళ్లు 'చల్లారిన సిరా' అంటారు. ఆ పని చేసినవాడికి కాఫీ కూడా పొయ్యరు. తెలిసే వెళ్లాడు.

"అమ్మా, ఇక్కడ ఒక్క సంతకం గీకితే నా పరువు నిలబడుతుంది," అంటూ కాగితం, పెన్ను అందించాడు.

ఆమె చదివి, కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది. "ఇదింకా బతికే ఉందా! నేను కాఫీయే తాగను నాయనా. వాళ్లిద్దరూ మాడబెట్టిన కూజాకి నా సంతకమా? ముందు కడగండి, తర్వాత చూద్దామన్నా. కడగలేదు. కంపెనీ మునిగి ఆస్తులు పంచుకుంటే నా వాటాకి ఆ కూజాయే వచ్చింది."

షెడ్డులోంచి పట్టుకొచ్చి చూపించింది. అడుగంతా నల్లగా అట్టకట్టి ఉంది.

లైమన్ పెన్ను మళ్లీ జేబులో పెట్టేశాడు. "అయితే వద్దులే అమ్మా. నాకు అబద్ధాలు చేతకావు."

"మొహం చూస్తేనే తెలుస్తోందిలే. శనివారం నేనూ వస్తా."

శనివారం వెండెల్ కాగితాన్ని కిటికీకేసి పట్టాడు. "రెండే! మూడోది దారిలో జారిపడిందా ఏం? అదిగో, తలుపు పక్కన నీ సింహాసనం."

లైమన్ అన్నమాట ప్రకారం వెళ్లి పాయిఖానా పక్కన కూర్చున్నాడు. అప్పుడు బర్నడెట్ లోపలికొచ్చి, కూజాను బల్లమీద ఠపీమని పెట్టింది.

"మూడో సంతకం నాది. అప్పటి షరతు మారలేదు: కూజా కడిగితేనే సంతకం. కడగండి."

వెండెల్ కూజాలోకి తొంగిచూసి తీర్పు చెప్పాడు: "ఆనాటి బేరమే ఇంకా చల్లారలేదు కాబట్టి, ఇప్పుడు సంతకం పెట్టినా సిరా చల్లారనట్టే." ఆపైన చొక్కా చేతులు మడిచాడు. సోఫాల్ ఉప్పూ నిమ్మకాయలూ తెచ్చింది. ఒకరి తర్వాత ఒకరు భుజాలు పడిపోయేలా తోమారు. బర్నడెట్ వెలుతురు కోసం వెండెల్ కుర్చీలోనే చతికిలబడి, కూజాను పైకెత్తి చూసింది.

"ఇంకా మాడు ఉంది!"

ఇప్పటికీ ఉంది. ప్రతి శనివారం ఆమె ఆ కుర్చీలో కూర్చుని తనిఖీ చేస్తుంది. లైమన్ తలుపు పక్కనుంచి కొత్తవాళ్లను పిలిచి మరీ చెబుతాడు: "సంతకాలున్న కాగితాలు ఎవడి దగ్గరైనా ఉంటాయోయ్! బేరం ఇంకా నడుస్తున్న కాగితం ఈ కంప్యూటర్ల లోయంతటికీ నాదొక్కటే!"

"కోసింది చాల్లే," అంటాడు వెండెల్, తోమే పీచు ఆయన మీదికి విసిరి. "లే, ఈ వారం నీ వంతు."