కోట మీది కావలివాడు

నిన్న మా మణికొండ అపార్ట్‌మెంటు లిఫ్టులో ఒకాయన ఫోన్‌లో గేమ్ పెట్టుకున్నాడు. అందులోంచి వచ్చే పాట నాకు తెలిసినదే. తొంగిచూస్తే ఆట ఇంకా మొదలుపెట్టలేదు, మొదటి పేజీలో ఉన్న కథ పెదవులు కదుపుతూ చదువుకుంటున్నాడు. మూడో అంతస్తులో దిగాల్సిన మనిషి నాతోపాటు ఐదో అంతస్తు దాకా వచ్చేశాడు. ఆ పేజీ అక్కడ నిలిచి ఉందంటే కారణం నేనే. గొప్ప చెప్పుకోవడం కాదు, జరిగింది చెబుతున్నాను.

పోయిన వానాకాలం మాట. మా కోడలు మాదాపూర్‌లో గేములు తయారుచేసే ఆఫీసులో పనిచేస్తుంది. టీవీకి తగిలించుకుని ఆడే క్యాసెట్ల నాటి గేమ్ ఒకదాన్ని తెలుగులోకి తెచ్చే పని ఆమె మీద పడింది. భుజాన సంచి వేసుకున్న పొట్టి మనిషి గుంతలు దూకుతూ, గోడలెక్కుతూ కోటలోకి పోవాలి. గోడ మీద కొమ్ములున్న ఒకడు అటు ఐదడుగులు, ఇటు ఐదడుగులు తిరుగుతుంటాడు. నెత్తి మీద దూకితే వాడు చస్తాడు, మనకు పాయింట్లు. వాడెవడో, ఎందుకు తిరుగుతున్నాడో చిన్న పుస్తకంగా అచ్చేసి అసలు డబ్బాలో పెట్టారట. మన దగ్గరికి డబ్బాలు రాలేదు, ఉత్త క్యాసెట్లే వచ్చాయి. అందుకే ఇక్కడ ఆడినవాళ్ళకు ఆ కథ తెలియదు. కోడలు దాన్ని తెలుగు చేసి గేమ్ మొదట్లో పెట్టింది. ఎవరూ చదవరు, తీసెయ్యమన్నాడు మేనేజరు. నెల రోజులు కష్టపడి రాసిన పిల్ల కంచం ముందు మూతి ముడుచుకుని కూర్చుంది.

నాకు చదువు యాభై దాటాక వచ్చింది. గేటు దగ్గర వాచ్‌మన్‌గా ఉన్నప్పుడు తోటి వాచ్‌మన్ పాత పేపర్ల మీద వేలు పెట్టించి నేర్పాడు. అందుకే ఏదీ వదలను, సబ్బు కవరైనా చివరిదాకా చదువుతాను. కోడలు కథ రాసుకున్న కాగితాలు కూడా అడిగి తీసుకుని చదివాను. కొమ్ములవాడు కోటకు కావలివాడట. రాజు ఎప్పుడో కోట వదిలి పారిపోయాడు. ఆ సంగతి వీడికెవరూ చెప్పలేదు. డ్యూటీ మార్చే మనిషి వస్తాడని ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

"వాన్నెందుకు సంపుతున్నరు బిడ్డా?"

"పాయింట్లు వస్తయి మామా."

"రిలీవర్ రాక నేను రెండు పూటలు గేటు కాడ నిలబడ్డ దినాలున్నయి. నా నెత్తి మీద గూడ దుంకుతరా?"

కోడలు నవ్వింది. నవ్వు ఆపి, "రేపు జర ఆఫీసుకొస్తరా మామా? కొత్తోళ్ళతోని ఆడించి చూస్తరు అక్కడ. సార్‌ను మాత్రం తిట్టొద్దు," అంది.

మేనేజరు కోస్తావాడు, మర్యాదస్తుడు. నన్ను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు. కథ పేజీ వచ్చింది, నేను రెండో వాక్యం దాటకముందే పోయింది. మూడుసార్లు మళ్ళీ పెట్టించి పూర్తిచేశాను. తర్వాత పొట్టి మనిషిని కావలివాడి ముందు దాకా నడిపించి ఆపాను.

"తొక్కెయ్యండి పెద్దాయనా, ఏం కాదండి."

"డ్యూటీల ఉన్నోన్ని నేను తొక్కను సారూ."

వాడి మీదుగా దూకబోయి గుంతలో పడ్డాను. పడుతూనే ఉన్నాను. వాడిని మాత్రం ముట్టుకోలేదు. చివరికి కొమ్ములు తగలకుండా అవతల దిగాను. వాడు తన ఐదడుగులు తాను నడుస్తూనే ఉన్నాడు.

"ఎందుకండీ అంత తంటా?"

"కథ సదివినవా సారూ?"

ఆయన తెర ముందుకు జరిగాడు. కోడలితో పేజీ మళ్ళీ పెట్టించి, వంగి చదవడం మొదలుపెట్టాడు. ఆయనకూ పూర్తి కాకముందే అది మాయమైంది. ఇంకోసారి పెట్టించి ఆఖరిదాకా చదివాడు.

"చిన్నప్పుడు సెలవులన్నీ వీణ్ణి తొక్కుతూనే గడిపానండి," అన్నాడు మెల్లగా. కోడలి వైపు తిరిగి, "ఉంచమ్మా. చదివేవాళ్ళు బటన్ నొక్కేదాకా పేజీ కదలకూడదు," అన్నాడు.

తిరిగి వస్తూ కోడలు నాకు రెండు ఇరానీ చాయ్‌లు తాగించింది. తొక్కితే పాయింట్లు మాత్రం ఇప్పటికీ వస్తున్నాయి, అది నేను ఆపలేకపోయాను. కాలం నన్ను గేటు దగ్గర డ్యూటీ నుంచి ఎప్పుడో దింపేసింది. రాసిన మాట అట్లా కాదు, చదివే మనిషి యాభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చినా ఉన్నచోటే నిలబడి ఉంటుంది.