సెల్లార్ ప్లగ్గు

ముందు పోయినవి చెబుతాను. మసాలా పట్టించిన నాటుకోడి ఆరు కిలోలు, గడ్డపెరుగు నాలుగు లీటర్లు, పెద్ద గిన్నెడు జున్ను, ఖాజాగూడ దగ్గరి ఒక ఆఫీసు ఇచ్చిన మొట్టమొదటి ఆర్డరు. వీటిలో ఏదీ నాది కాదు. అన్నీ మా ఎదురు ఫ్లాటు ఆవిడవి.

ఆవిడది కడప వైపు. ఉద్యోగం మానేసి, పాత క్యారవాన్ ఒకటి కొని, అందులో వండి అమ్మడం మొదలుపెట్టింది. ఆ ఆదివారం సాయంత్రం ఆఫీసువాళ్ల విందు. పొద్దున్నే సరుకంతా బండిలోని ఫ్రిజ్‌లో సర్ది, మదీనాగూడలోని మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలిపింది. ఆ ఫ్రిజ్ గ్యాస్‌తోనూ నడుస్తుంది, ఇంటి కరెంటుతోనూ నడుస్తుంది. సెల్లార్‌లో గ్యాస్ వద్దన్నది అసోసియేషన్ లెక్కలు చూసే నేనే. ఎనిమిదింటికి ప్లగ్గులో టెస్ట్ బల్బు వెలిగించి చూపించి, ఫ్రిజ్ వైరు తగిలించాను.

కరెంటు పని నాకెవరూ నేర్పలేదు. వాట్లు, యూనిట్లు కాగితం మీద వేసుకుని నేర్చుకున్నదే. అందుకేనేమో, అంకె దొరికితే ఇక చేయి పెట్టి చూడను.

మధ్యాహ్నం ఆవిడ వచ్చింది. "అన్నా, ఫ్రిజ్ చల్లబడలేదు. ప్లగ్గులో కరెంటు వస్తాందా?"

"పొద్దున నీ ముందే చూశాను కదమ్మా. లోపల లైటు వెలుగుతోందా?"

"వెలుగుతాంది. చప్పుడే లేదు."

"ఈ రకం ఫ్రిజ్ చప్పుడు చేయదు. ఆరేడు గంటలు పడుతుంది. ఊరికే తలుపు తీయకు."

నాలుగింటికి తలుపు తీస్తే వాసన. ఆ ఫ్రిజ్‌ను కరెంటు మీద నడిపేది వెనకుండే ఒక హీటర్ రాడ్డు. అది కాలిపోయిందని తేల్చేశాను. "పాత బండి కొనేముందు నన్నొక మాట అడగాల్సిందమ్మా" అని కూడా అన్నాను. ఆవిడ ఆఫీసుకు ఫోన్ చేసి రాలేనని చెప్పింది. నేను మెట్లెక్కుతూ, ఎదురైన నాలుగు ఫ్లాట్లవాళ్లకు చెప్పాను: "ఆవిడ ఫ్రిజ్ పాడైంది. ఆ బండిలో తిండి కాస్త చూసుకుని తినండి."

మరిచిపోయిన బల్బు కోసం మళ్లీ కిందికి వెళ్లాను. ఆవిడ గిన్నెలు కడుగుతోంది.

"అన్నా, ఆ బల్బు ఇంకొక్కసారి పెట్టు. నా మనసు ఊరుకోదు."

పెట్టాను. వెలగలేదు.

వాచ్‌మన్‌ను కేకేశాను. "పొద్దుగాల తొమ్మిది కొట్టంగనే ప్లగ్గులు బంద్ జెయ్యమని మీరే అన్నరు గద సార్, అందరు స్కూటర్లు చార్జింగ్ వెడ్తున్నరని. ట్యూబ్‌లైట్లే ఉంచుమన్నరు."

అన్నాను. కామన్ బిల్లు తగ్గించడానికి నేను పెట్టిన రూలే. మీటింగులో చప్పట్లు కొట్టించుకున్న రూలు. ఫ్రిజ్ లోపలి లైటేమో బండి బ్యాటరీది.

స్విచ్ వేయించాను. కాసేపటికి ఆవిడ ఫ్రిజ్ వెనక జాలీకి చెయ్యి ఆనించింది. "వెచ్చబడుతాంది. రాడ్డు బాగానే ఉండాదన్నా." తిట్టినా బాగుండేది.

డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "వద్దులే అన్నా. నా ఫ్రిజ్ పాడైందని పైన చెప్పినావంట కదా. అది సరిచెయ్యి."

మరునాడు ఒక ఫ్లాటు తలుపు కొట్టి జరిగింది చెప్పాను. ఇంటాయన పగలబడి నవ్వాడు. "మీ రూలుకు మీరే దొరికారన్నమాట, లెక్కల మాస్టారూ!" ఆ నవ్వు తట్టుకోలేక మిగతావాళ్లకు రేపు చెబుదామనుకున్నాను. ఇప్పుడు వాళ్లు లిఫ్టులో ఎదురైతే ఎండల గురించి మాట్లాడతాను. వాళ్లలో ఎవరూ ఆవిడ బండి దగ్గర ఇంతవరకూ తినలేదు.

ఇంకా మూడు ఫ్లాట్లు బాకీ.