నూట ఐదో కిలోమీటరు రాయి

ఆసుపత్రి నేలమాళిగలో బట్టలుతికే గది ఉంది. అందులో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తున్న ఆమెను అందరూ ఆవిరక్క అని పిలిచేవారు. మరుగుతున్న నీళ్లలోంచి దుప్పట్లు తీసి పిండి, ఆరబెట్టే యంత్రంలో వేయడం ఆమె పని. కొత్తగా చేరినవాళ్లు గంటకోసారి తలుపు దగ్గరికి పరిగెత్తి గాలి పీల్చుకుని వచ్చేవారు. ఆవిరక్క మాత్రం ముక్కు చివర నుంచి చెమట బొట్లు రాలుతుంటే తుడుచుకోకుండా పని చేసుకుపోయేది.

పెళ్లి చేసుకోలేదు. అక్కావాళ్ల ఇంటి మేడ మీద గదిలో ఉండేది. నలభై దాటాక సైకిలు నేర్చుకుంది. మోకాళ్లు రెండూ చెక్కుకుపోయాక గానీ సైకిలు ఆమె మాట వినలేదు. ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. సెలవు రోజున తెల్లవారకముందే బయలుదేరి, చీకటి పడే వేళకు ఒళ్లంతా దుమ్ముతో ఇల్లు చేరేది. ఎంత దూరం వెళ్లినా మళ్లీ వచ్చిన దారినే తిరిగి రావలసి రావడం ఒక్కటే ఆమెకు నచ్చేది కాదు. ఒక్కసారైనా ఒక చివర బయలుదేరి రెండో చివర తేలాలని ఉండేది.

ఎడారిలో పాత రోడ్డు రెండు వందల నలభై కిలోమీటర్లు. కొత్త రోడ్డు పడ్డాక అటు బండ్లు పోవడం మానేశాయి. ఫోనూ పలకదు. ఆమె అదే ఎంచుకుంది.

“ఆ వేడికి మాడిపోతావే,” అంది అక్క.

“వేడి నాకు కొత్తా?”

నీళ్లు ఎలా అన్నదే చిక్కు. బావ లారీ డ్రైవరు. అటు సరుకు దించడానికి వెళ్తూ, ప్రతి ముప్పై ఐదు కిలోమీటర్లకు రాయి పక్కన రెండు క్యాన్లు పాతిపెట్టి, గుర్తుగా ఎర్ర గుడ్డ కడతానన్నాడు. తిరిగొచ్చాక ఆమె అడిగింది.

“పెట్టేశావా బావా?”

“పెట్టేశానమ్మాయ్. ఆరు చోట్లా పెట్టా,” అన్నాడాయన, వంగి టైరులో గాలి చూసుకుంటూ.

ఆమె బయలుదేరిన పొద్దున పాత రోడ్డు మొదట్లో ఉన్న గేటు దగ్గర ముసలి కాపలాదారు కర్ర ఎత్తి దారి ఇచ్చాడు.

“ఇదివరకు ఇటు పోయేవాళ్ల పేర్లు రాసుకునే పుస్తకం ఒకటుండేదమ్మా,” అన్నాడు. “అటు చివర చేరారా లేదా అని చూసుకునేవాళ్లం. ఇప్పుడెవరూ పోవట్లేదని పట్టుకుపోయారు.”

మొదటి రోజు హాయిగా సాగింది. గాలి వెనక నుంచి తోస్తోంది. ముప్పై ఐదో రాయి పక్కన ఎర్ర గుడ్డ రెపరెపలాడుతూ కనిపించింది. డెబ్బయ్యో రాయి దగ్గరా అంతే. అక్కడే పడుకుని, పొద్దున్నే ఎనిమిది లీటర్లు సీసాల్లో నింపుకుంది. మిగిలినవి బరువని అక్కడే వదిలేసింది. రాయి దాటాక కొత్త రోడ్డుకు పోయే అడ్డదారి ఒకటి కుడివైపు చీలింది. అక్కడి మట్టిలో లారీ చక్రాల గుర్తులు కుడివైపే తిరిగి ఉన్నాయి. ఆమె చూసింది గానీ మనసుకు పట్టలేదు.

ఒక సంగతి మాత్రం వింతగా తోచింది. ఇంత ఎండలోనూ ఒంటి మీద చెమట చుక్క లేదు. పరవాలేదు, తట్టుకుంటున్నాను అనుకుంది. నేలమాళిగలో చెమట కారుతూ కనిపిస్తుంది, ఇక్కడ పుట్టిన చోటే ఆవిరైపోతోందని ఆమెకు తెలియదు. మెడ తడుముకుంటే చేతికి ఉప్పు గరగరలాడింది.

నూట ఐదో రాయి దగ్గర గుడ్డ లేదు.

గాలికి కొట్టుకుపోయిందేమో అనుకుని రాయికి ఎడమా కుడీ వెతికింది. ఎవరైనా తవ్వుకుపోయారేమో అనుకుంది. మోకాళ్ల మీద కూర్చుని స్పానరుతో నేలను పొడిచింది. ఖంగుమంది. రాయి చుట్టూ జానెడు జానెడుకీ పొడిచి చూసింది. నేల పెంకులా బిగిసి ఉంది. ఎవరో తవ్వి తీసుకుపోయిన నేల కాదది. ఎవరూ ఎప్పుడూ తవ్వని నేల.

ఐదు లీటర్లున్నాయి. వెనక్కి ముప్పై ఐదు కిలోమీటర్లు, అదీ ఎదురుగాలిలో. ‘ఈ రాయి లెక్క తప్పి ఉంటాడు. తర్వాతి దాని దగ్గర ఉంటాయి,’ అని తనకు తానే చెప్పుకుని ముందుకే తొక్కింది. చేసిన తప్పు అదేనని తర్వాత చాలాసార్లు అనుకుంది.

నడిమధ్యాహ్నమంతా రోడ్డు కింది తూములో దూరి ఉంది. బయట గాలి బుసకొడుతోంది. తూములో ఓ మూల పిల్లి ఒకటి ఎండి అట్టలా పడి ఉంది. అది కూడా నీడ కోసమే వచ్చి ఉంటుంది. ఆమె మొహం అటు తిప్పకుండా కూర్చుంది.

సాయంత్రం నూట నలభయ్యో రాయి. ఈసారి వెతకలేదు, ఒక్క పోటు పొడిచింది. ఖంగుమంది.

అప్పుడు గుర్తొచ్చాయి కుడివైపు తిరిగిన చక్రాల గుర్తులు. టైరు మీంచి తలెత్తకుండా ‘ఆరు చోట్లా పెట్టా’ అన్న గొంతు కూడా. కోపం రాలేదు. కోపం తెచ్చుకునే సత్తువ లేదు. సీసాలో లీటరు మిగిలింది. ఒక్కో గుక్కా నోట్లో పోసుకుని, నాలుక తడిసేదాకా ఉంచి మింగింది.

తెల్లవారుజామున మళ్లీ ఎక్కింది. కాసేపటికి హ్యాండిలు తనంతట తనే పక్కకు లాగేస్తున్నట్టనిపించింది. ఎవరో వెనక క్యారియరు మీద ఎక్కి కూర్చున్నట్టు బరువు. రెండుసార్లు దిగి వెనక్కి చూసింది. మూడోసారి దిగినప్పుడు కాళ్లు నిలవలేదు. నాలుక పిడచకట్టుకుపోయి, పలుచోట్ల పగిలింది. సైకిలు పడేసి, దాని మీద దుప్పటి కప్పి, ఆ చారెడు నీడలో తల పెట్టుకుంది. అది నూట అరవై మూడో రాయి.

ఇంటి దగ్గర ఏం జరిగిందో అక్క తర్వాత చెప్పింది. ముందు రోజు రాత్రి అన్నాలు తింటుంటే, “ఇప్పుడు ఎన్నో క్యాను దగ్గరుంటుందంటారు?” అని అడిగిందట. బావ కలిపిన ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు.

“ఏమండీ?”

“రెండు రాళ్ల దగ్గరే పెట్టానే,” అన్నాడట. “ఆ రోడ్డు గుంతలు. టైర్లు పోతాయని అడ్డదారిలో తిరిగేశా. మొదటి రోజే వెనక్కొచ్చేస్తుందనుకున్నా. అందరూ అదే అన్నారుగా.”

అక్క చెయ్యి కూడా కడుక్కోకుండా లారీ ఎక్కి కూర్చుంది.

మధ్యాహ్నానికి లారీ వచ్చి ఆగింది. ఆ చప్పుడు ఆమెకు వినబడింది గానీ కళ్లు విప్పలేకపోయింది. ఎవరో తడిగుడ్డ పెదాల మీద పిండుతున్నారు. అక్క ఏడుస్తోంది. బావ క్యాను పట్టుకుని అల్లంత దూరంలో నిలబడిపోయాడు.

“నేల గట్టిగా ఉంది బావా,” అంది ఆవిరక్క. గొంతు ఆమెది కాదు.

పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉంది, తను ఇన్నేళ్లూ ఉతికిన దుప్పట్ల మీదే. మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, ఇక ఆవిరిలో పనిచేయకూడదని డాక్టరు చెప్పింది. పై అంతస్తులో మడతలు పెట్టే పనిలోకి మార్చారు. అక్కడ కిటికీ ఉంది. పేరు మాత్రం మారలేదు.

సైకిలు మళ్లీ తొక్కింది, ఊళ్లోనే. మిగిలిన డెబ్బై ఏడు కిలోమీటర్ల మాట ఎవరూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు.

బావ ఒక్కసారీ క్షమించమని అడగలేదు. బహుశా ఎలా అడగాలో తెలియలేదు. కానీ ఆమె పనినుంచి రాగానే గ్లాసుతో నీళ్లు తెచ్చి అందించడం మొదలుపెట్టాడు. ఆమె కాదనకుండా అందుకుని, గట్టు మీద పెట్టి, వంటగదిలోకి వెళ్లి తనే ఇంకో గ్లాసు ముంచుకుని తాగేది. అక్క గమనించలేదు. బావ మాత్రం రోజూ ఆ నిండు గ్లాసు తీసుకెళ్లి మొక్కకు పోసేవాడు, మర్నాడు మళ్లీ తెచ్చేవాడు.