సూరిబాబు బాబాయ్ చూడ్డానికి వెళ్ళలేదు

నిన్న సాయంత్రం నాలుగింటికి షాపులో ఒకాయన ఫోనుకి స్క్రీన్ గార్డ్ వేస్తున్నాను. తమ్ముడు ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, సూరిబాబు బాబాయ్ పోయాడు."

ఏ సూరిబాబు అని అడిగాను. రెండు గంటల ముందే బాబాయ్‌ని చూసి వచ్చాను మరి. ఆయన వీడియో నా ఫోన్లోనే ఉంది.

ఆ వీడియో సంగతి చివర్లో చెప్తాను. ముందు పేపరు సంగతి.

ఈరోజు పేపర్లో ఒక మూల వేశారు. "మంటలు చూసేందుకు వెళ్లి వ్యక్తి మృతి."

చూసేందుకట.

తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. బాబాయ్ కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టెక్కడం వృత్తి. మా ఊళ్ళో ఎక్కడ ఇల్లు అంటుకున్నా పరుగెత్తడం ఆయన సొంత పని, ఎవరూ పెట్టింది కాదు. పాలకొల్లు నుంచి ఫైరింజన్ వచ్చేలోపు తాటాకిల్లు బూడిదైపోతుంది. అది వాళ్ళ తప్పు కాదు, తాటాకు గుణం అంతే. అందుకే బాబాయ్, ఇంకో నలుగురు కలిసి నీళ్ళు తోడే ఒక ఆయిలింజను, పైపులు, కొక్కేలు కట్టిన రెండు వెదురు గడలు పంచాయతీ ఆఫీసు వెనకాల ఎప్పుడూ రెడీగా ఉంచేవారు. ఎండాకాలం కాలువలు కట్టేస్తే, ఏ చేపల చెరువులో ఎన్ని నీళ్ళున్నాయో బాబాయ్‌కి నోటికొచ్చు.

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా వరసలో మూడో ఇల్లు అంటుకుంది. బాబాయ్ వచ్చి, ఇంకా అంటుకోని మా ఇల్లెక్కాడు. కొక్కెం వేసి తాటాకు పీకడం మొదలుపెట్టాడు.

మా అమ్మ కింద నుంచి ఒకటే తిట్లు. "మాది అంటుకోలేదు కదరా సూరిబాబూ, నీ చేతులు పడిపోనూ!"

"తిట్టుకోండి వదినా. గ్యాస్ బండ మాత్రం బయట పెట్టండి" అన్నాడు పైనుంచి.

మంట మా ఇంటి దాకా వచ్చింది. కాల్చడానికి కప్పు దొరకలేదు. అక్కడే ఆగిపోయింది. మా తర్వాత ఇళ్ళన్నీ మిగిలాయి.

అమ్మ నాలుగు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ఐదో రోజు తాటాకు మోపు నెత్తిన పెట్టుకుని వచ్చి, ఆయనే ఎక్కి ఇల్లు నేశాడు. దిగాక అమ్మ టీ ఇస్తే ఒక్క గుక్క తాగి, "పంచదార కూడా నేనే పీకేశానా వదినా?" అన్నాడు. అమ్మ నవ్వేసింది.

ఈ మనిషి మంటలు చూడ్డానికి వెళ్ళాడట.

పొద్దున్నే నేనూ తమ్ముడూ తాసిల్దార్ ఆఫీసుకి వెళ్ళి, అలా ఎందుకు రాశారని అడిగాం. అక్కడాయన చాలా మర్యాదగా మాట్లాడాడు.

"ఒంటి మీద యూనిఫారం లేదు కదండీ. లుంగీలో ఉన్నాడు. వాలంటీర్ అని ఎలా రాస్తామండి? చూడ్డానికొచ్చిన జనంలో ఒకడని పంచనామాలో ఉంది."

యూనిఫారం అంటే టీషర్టు. పోయినేడు టౌన్లో బాబాయ్ వాళ్ళకి మంటలార్పడం మీద ఒకరోజు ట్రైనింగ్ పెట్టి, వెనకాల వాలంటీర్ అని రాసిన నారింజరంగు టీషర్టులిచ్చి, ఫొటో తీసి పంపేశారు. బాబాయ్ ఆ గుడ్డని వేళ్ళతో నలిపి చూశాడు. "పాలిస్టర్ రా ఇది. మంట దగ్గరికెళితే ఒంటికి అంటుకుపోద్ది. ఫొటోలకైతే బాగుంటుంది" అని మడతపెట్టి బీరువాలో పెట్టాడు. నూలు లుంగీ ఎగగట్టి, తడి తువ్వాలు చుట్టుకునే వెళ్ళేవాడు.

పని తెలిసినవాడు కాబట్టి వేసుకోలేదు. వేసుకోలేదు కాబట్టి చూడ్డానికి వెళ్ళినవాడయ్యాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "అది వేసుకుని ఒంటికి అంటుకుని పోయుంటే కరెక్టుగా రాసేవారా సార్?" అని అడిగాను. ఆయన ఫైలు మూసి, "ఆధారం ఏదైనా ఉంటే పట్టుకురండి" అన్నాడు.

పిన్ని దగ్గరికి వెళ్ళాను. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. ఒక్కటే మాట అంది. "గవర్నమెంటు సాయం ఇస్తే ఇస్తారు, లేకపోతే పోనీ బాబూ. పనీపాటా లేక చూడ్డానికెళ్ళాడని మాత్రం రాయొద్దని చెప్పు."

ఇప్పుడు వీడియో.

నిన్న మధ్యాహ్నం పడమటి వీధి అంటుకున్నప్పుడు బాబాయ్ టీమ్‌లో ఇద్దరు ఊళ్ళో లేరు. మిగిలిన ఇద్దరూ ఇంజను దగ్గరున్నారు. బాబాయ్ ఒక్కడే పక్కింటి కప్పు మీదున్నాడు, తాటాకు పీకుతూ. రోడ్డుకి ఇవతల చాలామందిమి ఉన్నాం. అందరి ఫోన్లూ పైకే ఉన్నాయి.

వీడియోలో బాబాయ్ ఇటు తిరుగుతాడు. "ఒరేయ్ శీనూ, ఫోన్ దించి ఆ రెండో గడ అందుకోరా" అంటాడు.

తర్వాత ఒక గొంతు, చాలా దగ్గరగా వినపడుతుంది. "ఒక్క నిమిషం బాబాయ్."

ఆ గొంతు నాది.

ఆ నిమిషం తర్వాత షాపు నుంచి ఫోనొచ్చింది. వీడియో వాట్సాప్ స్టేటస్ పెట్టుకుని వెళ్ళిపోయాను. నేను వెళ్ళాక మంట లోపలి నుంచి పాకి, దూలం విరిగి, బాబాయ్ లోపల పడిపోయాడు. రెండో గడ నేను పట్టుకుని ఉంటే బతికేవాడో లేదో నాకు తెలియదు. ఆ వరసలో మిగతా ఇళ్ళన్నీ మాత్రం ఈరోజు నిలబడే ఉన్నాయి.

నాది సెల్ షాపు. నా గొంతు కట్ చెయ్యడం ఐదు నిమిషాల పని. మధ్యాహ్నం ఒకసారి కూర్చున్నాను కూడా. కానీ నా మాట తీసేస్తే అక్కడ పని చేసిందెవరో, చూస్తూ నిలబడిందెవరో తెలియదు.

రేపు పదింటికి వీడియోని అలాగే పట్టుకెళ్తున్నాను. నిన్న అక్కడ ఫోన్లెత్తినవాళ్ళారా, మీరెవరో మీకు తెలుసు. ఈ పోస్టు కింద చేతులు జోడించిన బొమ్మలు పెట్టడం ఆపి, మీ వీడియోలు తీసుకుని ఆఫీసుకి రండి.

బాబాయ్, నిన్న చూడ్డానికి వచ్చింది నేను. ఆ మాట నా పేరు మీదే రాయిస్తాను.

నువ్వింక చల్లగా పడుకో.